గీత దాటితే ఆట!

చంద్రపూర్: సిర్పూర్ టౌన్ దాటింది. మాకుడి దాటింది. విరూర్ వచ్చిందంటే రైలు మహారాష్ట్రలోకి అడుగుపెట్టినట్టే. కిటికీ బయట ఏమీ మారదు. అవే పత్తి చేలు, అదే ఎండ... మారేదల్లా జేబులోని ఫోన్! అవతల ఉన్నంతసేపు ‘మీ రాష్ట్రంలో ఈ ఆట కుదరదు’ అని మొండికేసిన రమ్మీ యాప్ ఇవతలికి రాగానే తలుపు తీసేది. రండి, కూర్చోండి అంటూ బల్ల వేసేది. 2017 నుంచి 2025 ఆగస్టు దాకా, ఎనిమిదేళ్ల పాటు ఇదే తంతు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. మహారాష్ట్రలో మాత్రం అలాంటి అడ్డు లేదు. చంద్రపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గుస్, రాజురా వైపు బొగ్గు గనులు, కాగితం మిల్లు నమ్ముకొని వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. రాజురా తాలూకా అయితే 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోదే. చుట్టరికాలు గీతకు రెండు వైపులా ఉన్నాయి. పెళ్లికని అటు పోతే ఆట బంద్... ఇటు వస్తే చాలు. అంతదాకా ఆగలేనోళ్లు ఫోన్ ఉన్న చోటును మార్చి చూపే దొంగ యాప్‌లు వేసుకున్నారు.

జివతి పక్కన పరందోళి, ముకదంగూడ లాంటి ఊళ్ల సంగతి మరీ చిత్రం. వాటిని రెండు రాష్ట్రాలూ మావేనంటాయి. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, రెండు బడులు. ఏ రాష్ట్రమో ప్రభుత్వాలకే తేలలేదు గానీ, ఫోన్‌కు మాత్రం ఆ పేచీ లేదు. దాని పటంలో గీత ఎటు గీసి ఉంటే ఊరు అటే.

అవే పత్తాలు... కట్టిన తీరే వేరు

ఫోన్లో కొత్త ఆటేం పుట్టలేదు. పదమూడు పత్తాలు, ఓ జోకరు. మొదట్లోనే దించేస్తే 20, నడుమ దించితే 40, పూర్తిగా దొరికిపోతే 80. గని డ్యూటీ దిగి వేప చెట్టు కింద చాప పరిచి ఆడినోళ్లకు ఈ లెక్కలు కంఠతా వచ్చు. తేడా అంతా ఆటను కట్టిన తీరులో ఉంది.

చాప మీద ఆటకు అడ్డంకులెక్కువ. పత్తాలు కలపాలి, పంచాలి. చాయ్ వస్తుంది. నడుమ ఓ కొట్లాట. జేబులో నోటు తీసి కింద పెడుతుంటే ఎంత పోతోందో కంటికి కనబడుతుంది. పొద్దు గూకితే ఇంటి నుంచి కేక వినబడుతుంది. ఇవన్నీ విసుగే. కానీ ఆ విసుగులోనే మనిషికి ఆలోచించుకునే టైం దొరికేది.

యాప్ ఆ విసుగునంతా ఊడ్చేసింది. పంచడం రెప్పపాటు. ఎత్తు వేయడానికి గడియారం వెనక్కి పరుగెడుతుంది. ఆట అయిపోగానే మరో బల్ల సిద్ధం. ఎదుటి మనిషి ముఖం లేదు, ఓ పేరూ బొమ్మా తప్ప. నోట్లు ‘వాలెట్’లో అంకెలైపోయాయి. అర్ధరాత్రి రెండింటికి కూడా ఆడేవాడు దొరుకుతాడు. పాయింటు రూపాయి చొప్పున ఆడి, పత్తాలు బాగాలేవని మొదట్లోనే దించేస్తే పోయేది ఇరవయ్యే కదా అనిపిస్తుంది. మూడు నిమిషాలకో ఆట చొప్పున గంటకు ఇరవై ఆటలు. అన్నీ దించినా నాలుగొందలు! అదీ అసలు ఆడకుండానే.

ఇక కమీషన్. గెలిచిన మొత్తంలోంచి ప్రతి ఆటకూ కోత పడుతుంది. నలుగురు సమ ఉజ్జీలు తెల్లవార్లూ ఆడారనుకోండి. చాప మీదైతే నలుగురి దగ్గరి డబ్బే నలుగురి నడుమ తిరిగేది. యాప్‌లో తెల్లారేసరికి నలుగురి దగ్గరా తగ్గేది.

ఇక్కడో పాత ముచ్చట. రమ్మీ జూదమా, నేర్పరితనమా అన్న పంచాయితీ తేలింది మనోళ్ల కేసులోనే. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బుపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఏ పత్తా పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి ఇది ప్రధానంగా నేర్పు ఆటేనని 1967 నవంబరులో కోర్టు తేల్చింది. యాప్‌లోళ్లు ఏళ్ల తరబడి ఈ మాటనే పట్టుకు తిరిగారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ఆట నడిపే క్లబ్బు ఆ ఆట మీద లాభం తీసుకుంటే నేరం కిందికి రావచ్చని. దాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పలేదు.

2025 జులైలో మహారాష్ట్ర వ్యవసాయ మంత్రి శాసన మండలిలో కూర్చొని ఫోన్లో రమ్మీ చూస్తున్నట్లున్న వీడియో బయటికొచ్చింది. తాను ఆడలేదని, తెరపైకి వచ్చినదాన్ని తీసేస్తున్నానని ఆయన చెప్పుకొన్నారు. నెలాఖరుకు శాఖ మారింది. ఇచ్చింది క్రీడల శాఖ! మరుసటి నెలలోనే కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా బంద్. నడిపినోళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినోళ్లకు శిక్ష లేదు. పేరున్న యాప్‌లు ఆ నెలలోనే నగదు బల్లలు ఎత్తేశాయి. విరూర్ దగ్గరి గీతకు ఆ పని తప్పింది.

పోరగాళ్ల చేతిలో ‘డైమండ్లు’

పెద్దల బల్ల ఎత్తేశారు సరే. ఆ బల్లను కట్టిన తెలివి మాత్రం పోరగాళ్ల ఫోన్లలో భద్రంగా ఉంది.

చంద్రపూర్‌లో మే నెల ఎండ 47 డిగ్రీలు దాటిన ఏళ్లున్నాయి. పిల్లలను బయటికి పంపే పరిస్థితి ఉండదు. కూలర్ ముందు ఫోన్ పట్టుకొని కూర్చోవడమే వేసవి సెలవు. ఆ ఫోన్ ఖరీదైనదీ కాదు. అందుకే ఫ్రీ ఫైర్ ఇంతగా పాకింది. పబ్జీలో వంద మంది, దాదాపు అరగంట ఆట. మంచి ఫోన్ కావాలి. 2017లో వచ్చిన ఫ్రీ ఫైర్‌లో యాభై మందే, పది నిమిషాల్లో ఖతం. తక్కువ ధర ఫోన్లోనూ ఆగకుండా నడుస్తుంది. ఆటగా చూస్తే దాన్ని మెచ్చుకోవాల్సిందే. క్షణాల్లో గోడ లేపి దాని చాటున దాక్కోవడం, గోడ పక్క నుంచి దెబ్బ తీయడం... చెయ్యీ కన్నూ కలిస్తే తప్ప రాదు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను కేంద్రం నిషేధిస్తే పిల్లలు ‘మ్యాక్స్’కు మారారు. అంతకుముందు 2020 సెప్టెంబరులో పబ్జీ పోతే 2021లో బీజీఎంఐ వచ్చింది.

పేచీ ఆటలో లేదు, దాని పక్కన పెట్టిన దుకాణంలో ఉంది. ఫ్రీ ఫైర్ ఉచితమే. కానీ డైమండ్లు కొనాలి. డైమండ్లతో చక్రం తిప్పాలి. కోరిన వస్తువు తగలొచ్చు, తగలకపోవచ్చు. మరొక్కసారి తిప్పితే వస్తుందేమో! తుపాకీకి వేసే కొన్ని రంగు తొడుగులు అందానికే కాదు, తుపాకీ బలాన్నీ మారుస్తాయి. కొన్నవాడిదే పైచేయి. పబ్జీలో తొడుగులు సోకుకే పరిమితం. ఆ విషయంలో అదే నయం.

వీళ్ల నాయినలు చిన్నప్పుడు టీవీకి కేసెట్ తగిలించి కాంట్రా ఆడారు. మూడు ప్రాణాలు. మీటలు వరుసగా నొక్కే కిటుకు తెలిస్తే ముప్పై. ఆ కిటుకు పక్కింటి అన్న చెబితే తెలిసేది, పైసా ఖర్చు లేదు. ఆఖరి శత్రువు చస్తే ఆట అయిపోయేది. ఇప్పటి ఆటకు ఆఖరే లేదు. నిన్న రాకపోతే ఇవాళ్టి బహుమతి పోతుంది. పండుగ తొడుగు ఇంకో మూడు రోజులే అని గడియారం. రమ్మీ బల్ల మీద చూసిన గడియారమే!

ఆఖరున్న ఆటలు మన దగ్గర తయారు కావడం లేదా అంటే... అవుతున్నాయి. పుణెలో తయారైన ‘రాజీ’ 2020లో వచ్చింది. రాజస్థాన్ కోటలు, కుడ్య చిత్రాల మధ్య ఓ గారడీ పిల్ల తమ్ముడి కోసం రాక్షసులతో పోరాడుతుంది. హైదరాబాద్ కుర్రాళ్ల ‘అసుర’ 2017లోనే వచ్చింది. రెండూ ఒక్కసారి డబ్బు కట్టి ఆడుకునేవిగా వచ్చినవే. అయితే అవి మొదట కంప్యూటర్లు, గేమ్ బాక్సుల కోసం తయారయ్యాయి. బల్లార్‌పూర్‌లో ఎందరి ఇళ్లలో ఉంటాయవి?

కొత్త చట్టం డబ్బు గెలిచే ఆశ పెట్టే ఆటలనే పట్టింది. డైమండ్లు పెట్టి డబ్బు గెలవలేరు కాబట్టి వాటి జోలికి పోలేదు. బీజీఎంఐ 2023లో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలే అని హద్దు పెట్టింది. వయసు అడిగితే నాయిన వయసు కొడితే సరి, ఆ హద్దు ఉత్తదే.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. ఫోన్లోని ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. యూపీఐ పిన్ పిల్లల ముందు కొట్టకూడదు. సగం ధరకే డైమండ్లు అంటూ వచ్చే లింకులు మోసాలే. వాటికి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు గీతకు అటైనా ఇటైనా ఒకటే.