స్టీలు గ్లాసు ముందు తడబడే గన్

"సార్, ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. గన్ మాత్రం 40 అంటోంది. దేన్ని నమ్మాలి?" అని అడిగింది తొమ్మిదో తరగతి పాప. బల్లమీద స్టీలు గ్లాసు, అందులో అప్పుడే మరిగించి పోసిన నీళ్లు. పాప చేతిలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. కరోనా రోజుల్లో ప్రతి షాపు గుమ్మంలో మన నుదుటికి గురిపెట్టినదానికి ఇది అన్న వరస: మెకానిక్కులు, ఫ్యాక్టరీలవాళ్లు వాడే రకం. గ్లాసుకు ఒకపక్క కాగితపు మాస్కింగ్ టేపు అంటించి, ఇప్పుడు దానిమీద చూడమన్నాను. అంకె 90 దాకా ఎగబాకింది. రెండంగుళాలు పక్కకి జరిపితే మళ్లీ 40.

ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే చాలు, ఈ పరికరం ఇంట్లో ఎందుకు పనికొస్తుందో, ఎందుకు రాదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. తమాషా ఏమిటంటే ఆ తేడాను మొదట చక్కగా కొలిచి చూపించిన మనిషి, ఈ గన్‌కు ఆధారమైన కిరణాలు అసలు లేనే లేవని వాదించినవాడు.

ఆ కిరణాలను కనిపెట్టింది విలియం హెర్షెల్. సంగీతంతో బతుకు మొదలుపెట్టి, యురేనస్‌ను కనుక్కుని పేరు తెచ్చుకున్న ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుణ్ణి చూడటానికి వాడే రంగుటద్దాల్లో కొన్ని వేడిని ఎక్కువగా, కొన్ని తక్కువగా రానిస్తున్నాయని గమనించి, ఏ రంగులో ఎంత వేడి ఉందో చూద్దామనుకున్నాడు. 1800లో ఇంగ్లండ్‌లోని స్లౌలో, పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట, పాదరసం అన్నిటికంటే ఎక్కువ లేచింది.

స్కాట్లండ్‌వాడైన జాన్ లెస్లీకి ఇది మింగుడుపడలేదు. రంగులు ఆగిన చోటే వేడీ ఆగుతుందని, తాను చేసి చూస్తే అంతే వచ్చిందని పత్రికకెక్కాడు. ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు వేడిని చేరవేసేది గాలి కదలికలేనని అతని గట్టి నమ్మకం. నమ్మకం తప్పే. కానీ దాన్ని నిలబెట్టుకోవడానికి చేసిన ప్రయోగాలున్నాయే, వాటికి నేను దాసుణ్ణి.

లోపల డొల్లగా ఉండే ఒక లోహపు ఘనం. అందులో వేడినీళ్లు. ఒక ముఖానికి మసి పూశాడు, ఒకదానికి కాగితం అంటించాడు, ఒకదాన్ని మెరిసే తగరపు రేకుగానే వదిలేశాడు. లోపలి నీళ్లు ఒకటే కాబట్టి అన్ని ముఖాల వేడీ ఒకటే. ఎదురుగా పుటాకార దర్పణం, దాని నాభి దగ్గర లెస్లీ సొంతంగా చేసుకున్న థర్మామీటర్. ఘనాన్ని తిప్పుతూ ఒక్కో ముఖం నుంచి ఎంత వేడి వస్తోందో చూశాడు. మసి ముఖం నుంచి వచ్చేది 100 అనుకుంటే కాగితం నుంచి 98, మెరిసే తగరం నుంచి 12. ఈ లెక్కలు అచ్చయింది 1804లో. మన మాస్కింగ్ టేపు కథ అప్పుడే పూర్తిగా తేలిపోయిందన్నమాట.

మరి తగరం దగ్గర మిగతా 88 ఏమైంది? వేడిని తక్కువగా వెదజల్లే ఉపరితలం, తనమీద పడిన వేడిని ఎక్కువగా తిప్పికొడుతుంది. స్టీలు గ్లాసుకు గన్ గురిపెడితే అందులోకి చేరే కిరణాల్లో ఎక్కువ భాగం గ్లాసువి కావు. గోడవి, కప్పువి, పట్టుకున్న మన చేతివి. వెదజల్లే శక్తి పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుందని 1879లో జోసెఫ్ స్టెఫాన్ చెప్పాడు. ఆ సూత్రంతో కాగితమ్మీద లెక్కవేయండి. గ్లాసు 100 డిగ్రీలు, గది 30, స్టీలు వెదజల్లే గుణం పదో వంతు. చవక గన్‌లు ఎదుట ఏమున్నా ఆ గుణం 0.95 అనే అనుకుంటాయి. జవాబు సరిగ్గా 40 దగ్గర తేలుతుంది. గన్ చెడిపోలేదు, గదినీ గ్లాసునూ కలిపి చూసి లెక్క చెప్పింది.

లెస్లీ థర్మామీటర్ గురించి ఇంకో మాట. గాలి నిండిన రెండు గాజు బుడ్లు, వాటిని కలిపే గొట్టంలో రంగు ద్రవం. గదంతా వేడెక్కితే ద్రవం కదలదు. ఒక బుడ్డి మాత్రమే వేడెక్కితేనే కదులుతుంది. అది కొలిచేది తేడాను. ఈనాటి గన్ గుండెకాయ చేసే పనీ అదే.

ఆ గుండెకాయ పేరు థర్మోపైల్. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల అతికి, ఒక అతుకును వేడిచేసి రెండోదాన్ని చల్లగా ఉంచితే కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. 1821లో సీబెక్ చూసిన వింత ఇది. ఒక్క జంట ఇచ్చేది ఎందుకూ చాలదు కాబట్టి ఇటలీలో లియోపోల్డో నోబిలి 1830 ప్రాంతంలో బిస్మత్, ఆంటిమొనీ జంటలను వరసగా పేర్చాడు. అతనితో చేతులు కలిపిన మాసిడోనియో మెల్లోని దాన్ని ఎంత సున్నితం చేశాడంటే, దాదాపు 10 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి ఒంటి వేడికి ముల్లు కదిలేది. 1846లో వెసూవియస్ కొండ మీద మీటరు వెడల్పు కటకంతో వెన్నెల వేడిని కూడా పట్టుకున్నాడు. పట్టకాలు, కటకాలు రాతి ఉప్పుతో చేయాలని కనిపెట్టిందీ అతనే. మామూలు గాజు ఈ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. కిటికీ అద్దంలోంచి బయటి చెట్టుకు గురిపెడితే గన్ చెప్పేది అద్దం వేడి.

ఇప్పుడు ఆ పేర్పు అంతా చొక్కా గుండీ కంటే చిన్న లోహపు డబ్బీలో ఉంటుంది. మధ్యలో అతి పల్చటి పొర. వేడి అతుకులన్నీ దానిమీద, చల్లటివి చుట్టూ ఉన్న సిలికాన్ అంచు మీద. ఎదుటి వస్తువు నుంచి వచ్చిన కిరణాలు పొరను అంచుకంటే రవ్వంత ఎక్కువ వేడెక్కిస్తాయి. వస్తువు చల్లనిదైతే, ఐసుగడ్డే అనుకోండి, పొరే వేడిని పోగొట్టుకుంటుంది, వోల్టేజీ తిరగబడుతుంది. కానీ తేడా మాత్రమే తెలిస్తే ఏం లాభం? అంచు సొంత వేడి ఎంతో తెలియాలి. అందుకే పక్కనే మామూలు థర్మామీటర్ పని చేసే థర్మిస్టర్ ఒకటి ఉంటుంది. ఏసీ గదిలోంచి తీసుకెళ్లి మే నెల డాబా మీద వెంటనే గురిపెడితే అంకె తప్పుతుంది. అంచూ పొరా ఒకదాన్నొకటి ఇంకా అందుకోలేదు మరి. కాసేపు అలా వదిలేయాలి. సర్క్యూట్లు కట్టే సరదా ఉన్నవాళ్లు ఎంఎల్ఎక్స్90614 అనే సెన్సర్ కొనుక్కుంటే, దాని సొంత వేడి, ఎదుటి వస్తువు వేడి రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పేస్తాను. అమెరికాలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త, ఈ కిరణాల వేడినే కొలిచే బోలోమీటర్ అనే పరికరంతో థర్మోపైల్‌కు గట్టి పోటీ ఇచ్చాడు. ఫ్యాక్టరీల్లో కొలిమిని తాకకుండా వేడి చూసే పరికరాలు వచ్చాయి, తర్వాత చెవిలో పెట్టేవి వచ్చాయి, 2020లో అందరి నుదుళ్ల మీదికీ వచ్చాయి.

ఇక ఇంటి సంగతి. జ్వరం చూడటానికి మెకానిక్ రకం కొనకండి. రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా దానికి పట్టింపు లేదు, జ్వరానికి ఒక్క డిగ్రీయే పెద్ద సంగతి. వైద్యానికి చేసిన రకం కూడా నుదుటి చర్మాన్ని చూసి లోపలి వేడిని అంచనా కడుతుంది. ఎండలోంచి వచ్చినవాళ్ల మీద అది పనిచేయదు.

వంటింట్లో నల్లబడ్డ ఇనప పెనం మెకానిక్ రకానికి మహా ఇష్టం. దోసె బాగా వచ్చిన రోజున పెనం ఎంత వేడి మీద ఉందో చూసి రాసుకోండి, మర్నాటి నుంచి నీళ్లు చిలకరించి చూసే పని ఉండదు. తోడుపెట్టే పాలనూ చూడొచ్చు, కానీ గిన్నె మీద కాదు, పాలమీదే. అదీ గరిటెతో కలిపాక. లేకపోతే చల్లారిన మీగడనే చూసి మోసపోతుంది. ఆవిరి మీద పట్టుకుంటే లెన్స్ చెమరుస్తుంది.

నా దృష్టిలో అసలు ఉపయోగం స్విచ్‌బోర్డు దగ్గర. గీజరు ప్లగ్గు, ఇన్వర్టర్ వైర్లు, ఎంసీబీలు అన్నీ ప్లాస్టిక్కు, రబ్బరు. వాటి మీద గన్ నిజమే చెబుతుంది. వరసలో ఒకటి మాత్రం మిగతావాటికంటే బాగా వేడిగా కనిపిస్తే లోపల స్క్రూ వదులైందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. డాబాకు సున్నం కొట్టించినవాళ్లకు ఇంకో సరదా: కొట్టిన చోట, కొట్టని చోట మధ్యాహ్నం కొలిచి చూడండి. తెల్లసున్నం ఎండను తిప్పికొడుతుంది, తన వేడిని మాత్రం లెస్లీ కాగితంలాగే ధారాళంగా వెదజల్లుతుంది. కాబట్టి ఇక్కడా అంకెను నమ్మొచ్చు.

కానుకగా ఇవ్వాలనుకుంటే వంటిల్లంతా స్టీలూ ఇత్తడీ మెరిసే అత్తయ్యకు వద్దు, వారంలో అటక ఎక్కుతుంది. వైర్లూ స్క్రూడ్రైవర్లూ ముందేసుకు కూర్చునే పిల్లలకు ఇవ్వండి. ఆ ఎర్ర లేజరు చుక్క గురి చూపడానికే తప్ప ఏమీ కొలవదని, ఎవరి కళ్లలోకీ కొట్టకూడదని చెప్పండి. డబ్బా మీద 12:1 అని ఉంటే 12 అంగుళాల దూరంలో అంగుళం వెడల్పు వృత్తాన్ని, పది అడుగుల నుంచి పది అంగుళాల వృత్తాన్ని కలిపి చూస్తుందని కూడా. డబ్బాతోపాటు ఒక మాస్కింగ్ టేపు చుట్ట ఇస్తే స్టీలు గ్లాసు సంగతి వాళ్లే తేల్చుకుంటారు.