కెర్నెల్ మార్చిన తరువాత హార్డ్ డిస్కు నెమ్మదిస్తే: కొత్త డిస్కు కొనేముందు చూడవలసినవి

పాల సేకరణ కేంద్రంలో కంప్యూటరు పెట్టుకున్న సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక ఫిర్యాదు మా చెవిన పడుతూ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమును, లేదా దాని కెర్నెల్ వరకు, కొత్త దానికి మార్చారు. మరునాటి నుండి డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, చీటీ మాత్రం బయటికి రాదు. పాలకవర్గం కూర్చుని "డిస్కు అరిగిపోయింది" అని నిర్ణయించి, కొత్త డిస్కుకో కొత్త కంప్యూటరుకో కొటేషన్లు పిలుస్తుంది. ఆ ఖర్చు సభ్యులు పోసిన పాల డబ్బులోనిదే. కాబట్టి ఆ తీర్మానం మీద చేయి ఎత్తేముందు సభ్యులకు ఈ సంగతి కొంత తెలిసి ఉండడం మంచిది.

ముందు లెక్క చూద్దాము. పూటకు 200 మంది పాలు పోసే సంఘంలో ఒక్కొక్క చీటీకి 6 సెకన్లు అదనంగా పడితే మొత్తం 1200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. వెలిమెల వైపు ఊళ్ళలో ఈ 20 నిమిషాలు తక్కువ సమయం కాదు. తెల్లవారుజామున గేదె పితికి, కేంద్రంలో పాలు పోసి, అటు నుండి అటే పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల షిఫ్టుకు పోవలసినవారు వరుసలో ఉంటారు. బస్సు తప్పితే ఆ పూట కూలి పోయినట్లే. వరుస చివరనున్న పాలు ఎండాకాలంలో అంతసేపు చల్లదనం లేకుండా నిలబడి ఉంటాయి. పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచవలెనని మనమే చెబుతూ కంప్యూటరు దగ్గర వాటిని ఆపడం సబబు కాదు.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమునకు మూలమైన భాగం. మన పాల లెక్క ప్రోగ్రాము నేరుగా డిస్కును తాకదు. "ఈ సభ్యుని పాలు ఇన్ని లీటర్లు, వెన్న ఇంత శాతం, రాసిపెట్టు" అని కెర్నెల్‌కు చెబుతుంది. ఎవరి పని ముందు, ఎవరిది వెనుక, రాసినట్లు ఎప్పుడు ఒప్పుకోవాలి అనేవి కెర్నెల్ నిర్ణయాలు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఇటువంటి కెర్నెలే. దాని నియమాలు మారితే, డిస్కు అదే అయినా దాని నడక మారుతుంది.

డిస్కు లోపల జరిగేది

హార్డ్ డిస్కులో అయస్కాంత పూత పూసిన పళ్ళాలు తిరుగుతూ ఉంటాయి. గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్ష చేసిన పాతతరం కార్యదర్శులకు ఇది చెప్పడం తేలిక. మన సెంట్రిఫ్యూజ్ నిమిషానికి సుమారు 1100 చుట్లు తిరిగితే, డిస్కు పళ్ళెం 5400 లేక 7200 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 7200 అంటే సెకనుకు 120. పళ్ళెం మీద చదివే ముల్లు కావలసిన వలయం దగ్గరకు జరగాలి, ఆ తరువాత కావలసిన చోటు తిరిగి ముల్లు కిందకు వచ్చేదాకా ఆగాలి. ఇందువల్ల చెల్లాచెదురుగా ఉన్న చోట్ల నుండి చదవమంటే ఇటువంటి డిస్కు సెకనుకు 100 చోట్లకు మించి పోవడం కష్టం. ఒక్కొక్క చోట 4 కిలోబైట్లు చదివితే సెకనుకు 400 కిలోబైట్లే. అదే డిస్కు వరుసగా ఉన్నదాన్ని చదివితే సెకనుకు 100 మెగాబైట్లు దాటుతుంది. యంత్రం ఒకటే, తేడా 250 రెట్లు. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది: అడిగే క్రమం చెడితే మంచి డిస్కు కూడా చెడ్డ డిస్కులా కనిపిస్తుంది.

పాల లారీ సంగతి తీసుకోండి. ఈదులనాగులపల్లి, వెలిమెల, కొల్లూరు మీదుగా ఒక్క చుట్టులో క్యాన్లు ఎత్తుకుపోవలసిన బండి, ఎవరు ముందు ఫోను చేస్తే వారి దగ్గరకు ముందు పోతానంటే రోజంతా దారిలోనే గడుస్తుంది. దారి ప్రకారం పోతే డీజిలు మిగులుతుంది. కాని దారి చివరి ఊరిని మరచిపోకుండా చూసుకోవాలి. డిస్కుకు ఈ దారి వేసేది కెర్నెల్‌లోని షెడ్యూలర్.

లినక్స్‌లో 2006 సెప్టెంబరులో వచ్చిన 2.6.18 నుండి చాలా కాలం సి.ఎఫ్.క్యూ. అనే షెడ్యూలర్ వాడుకలో ఉన్నది. అది ఒక్కొక్క ప్రోగ్రాముకు కొంత వంతు సమయం ఇచ్చేది. వెనుక ఎంత పెద్ద పని నడుస్తున్నా ముందున్న చిన్న పనికి వంతు దొరికేది. 2019 మార్చిలో వచ్చిన 5.0 కెర్నెల్‌లో దానిని పూర్తిగా తీసివేశారు. పాత ఏర్పాటు ఒకే వరుసకు తగినట్లు కట్టినది. సెకనుకు లక్షల సార్లు చదివే కొత్తరకం నిల్వ పరికరాలకు అది చాలలేదు, అందుకని అనేక వరుసల ఏర్పాటు తెచ్చారు. తిరిగే డిస్కులకు అందులో సాధారణంగా దొరికేది ఎం.క్యూ. డెడ్‌లైన్. ఇది చదివే పనికి అర సెకను, రాసే పనికి 5 సెకన్లు గడువు పెట్టి, ఆలోగా దారి ప్రకారం పనిచేస్తుంది. చెడ్డదేమీ కాదు. అయితే ప్రోగ్రాములకు వంతులు వేయడం దీని పద్ధతి కాదు.

ఇక్కడే సంఘాలకు చిక్కు వస్తుంది. కొన్నిచోట్ల పాత లెక్కలను పెన్‌డ్రైవుకు ఎత్తే బ్యాకప్ పనిని "ఎవరూ డిస్కును వాడనప్పుడే నడువు" అనే అడుగు వర్గంలో పెట్టి ఉంటారు. సి.ఎఫ్.క్యూ. ఆ మాట వినేది. 2019 నాటి ఎం.క్యూ. డెడ్‌లైన్ వినదు. 2021లో వచ్చిన 5.14 కెర్నెల్‌లో గాని దానికి ఆ ప్రాధాన్యాలు నేర్పలేదు. ఫలితంగా తెల్లవారి ఐదున్నరకు బ్యాకప్పూ, పాల చీటీలూ ఒకే ముల్లు కోసం కొట్లాడుకుంటాయి. దీనికి మందు కొత్త డిస్కు కాదు. బ్యాకప్ వేళను మధ్యాహ్నానికి మార్చడం ఒకటి, షెడ్యూలరును బి.ఎఫ్.క్యూ.కు మార్చి చూడడం ఇంకొకటి. ఇటలీ పరిశోధకుడు పాలో వాలెంతే తయారుచేసిన ఈ బి.ఎఫ్.క్యూ. 2017లో 4.12 కెర్నెల్‌లో చేరింది. వంతులు పంచడంలో ఇది సి.ఎఫ్.క్యూ. దారిలోనే నడుస్తుంది. మార్చడానికి పైసా ఖర్చు లేదు. తెలిసిన మెకానిక్కుకు రెండు నిమిషాల పని.

నెమ్మది అంతా నష్టం కాదు

రెండవ కారణం ఎక్కువ ముఖ్యమైనది. మేము సంఘాల లెక్కలు చూసేవాళ్ళము కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువగా చెబుతాము.

డిస్కులో తన సొంత చిన్న జ్ఞాపకం ఒకటి ఉంటుంది. కెర్నెల్ పంపిన రాత పళ్ళెం మీదకు చేరకముందే, ఆ జ్ఞాపకంలో పడగానే "రాశాను" అని డిస్కు చెప్పగలదు. కరెంటు పోతే అందులో ఉన్నది పోతుంది. సభ్యుని చేతిలో చీటీ ఉంటుంది, కంప్యూటరులో ఆ పూట పాలు ఉండవు. ఇంకా దురదృష్టం ఏమిటంటే రాతల క్రమం తారుమారై ఫైళ్ళ పట్టికే చెడిపోవచ్చు. దీనికి విరుగుడుగా కెర్నెల్ బారియర్ అనే కట్టడి పెడుతుంది: ముఖ్యమైన రాత పళ్ళెం మీదకు నిజంగా చేరేవరకు దాని తరువాతి రాతను సాగనివ్వదు.

పాత ఎక్స్‌ట్3 ఫైలు పద్ధతిలో ఈ కట్టడి మూల కెర్నెల్‌లో వేసి ఉండేది కాదు, కావాలంటే పెట్టుకోవాలి. 2011 అక్టోబరులో వచ్చిన 3.1 కెర్నెల్ నుండి దానంతట అదే అమలులో ఉన్నది. ఎక్స్‌ట్4 పద్ధతికి మొదటి నుండీ ఉన్నది. కాబట్టి పదిహేనేళ్ళు ముట్టుకోకుండా నడిపిన కంప్యూటరును ఒక్కసారిగా నేటి కెర్నెల్‌కు మార్చిన సంఘంలో షెడ్యూలర్ మార్పు, బారియర్ మార్పు రెండూ ఒకే రోజున మీద పడతాయి. ఏటేటా మార్చుకున్న సంఘానికి ఇంత దెబ్బ తెలియదు.

దీని ప్రభావం బిల్లు రోజున బాగా కనిపిస్తుంది. 200 మంది సభ్యులు, 10 రోజులు, 20 పూటలు, మొత్తం 4000 పద్దులు. ప్రోగ్రాము ఒక్కొక్క పద్దును విడివిడిగా ఖరారు చేస్తూ, ఖరారుకు సెకనులో 20వ వంతు తీసుకుంటే 200 సెకన్లు అవుతుంది. బారియర్ లేనప్పుడు ఇదే బిల్లు కొద్ది సెకన్లలో అయిపోయినట్లు కనిపించేది. కనిపించేది అనే అంటున్నాము, ఎందుకంటే ఆ రాతలు అప్పటికి పళ్ళెం మీద ఉన్నాయన్న పూచీ లేదు.

కొందరు మెకానిక్కులు "బారియర్ తీసేస్తే పాత వేగం వస్తుంది" అంటారు. వేగం వచ్చే మాట నిజమే. పాలకవర్గాలు దీనికి ఒప్పుకోరాదని మా అభిప్రాయం. యు.పి.ఎస్. ఉన్నది కదా అనే వాదన కూడా మాకు నచ్చదు. యు.పి.ఎస్. బ్యాటరీ చచ్చినదని తెలిసేది కరెంటు పోయిన రోజునే. సరైన మార్గం ప్రోగ్రాము రాసినవారి చేత 4000 పద్దులను ఒక్క కట్టగా కట్టించి ఒకేసారి ఖరారు చేయించడం. చీటీ విషయంలోనూ అంతే, సభ్యుని నంబరు, లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ కలిపి ఒక్క ఖరారు చాలు. అమ్మినవారికి సంఘం తరఫున ఉత్తరం రాయండి. ఏటేటా నిర్వహణ ఛార్జీ కడుతున్నప్పుడు మొహమాట పడనవసరం లేదు.

మిగిలిన కారణాలు చిన్నవి. మార్చిన తరువాత మొదటి ఒకటి రెండు రోజులు సిస్టము తన ఫైళ్ళ సూచికలను తిరిగి తయారుచేసుకుంటుంది, అప్పుడు నెమ్మది సహజం. కొత్త సిస్టమునకు జ్ఞాపకం ఎక్కువ కావలసి వచ్చి, చాలనప్పుడు డిస్కునే జ్ఞాపకంలా వాడుకుంటుంది. అటువంటి చోట డిస్కు మార్చినందువల్ల ఉపయోగం లేదు, ర్యామ్ పెంచాలి. విండోస్ వాడే సంఘాలలోనూ ఈ రెండూ జరుగుతాయి. పెద్ద మార్పు తరువాత విండోస్ 10, 11లలో పాతదానికి వెనక్కు పోయే వీలు మామూలుగా 10 రోజులే ఉంటుందని కూడా గుర్తుంచుకోవలెను.

తీగ సంగతి మరచిపోరాదు. మార్పు కోసం కంప్యూటరును బల్ల మీద నుండి లాగినప్పుడు డిస్కు తీగ వదులవుతుంది. దాణా బస్తాల పక్కనే కంప్యూటరు పెట్టిన చోట ఎలుకలు తమ వంతు పని చేస్తాయి. సంకేతాలు తప్పుగా వస్తుంటే కెర్నెల్ ఆ లైను వేగాన్ని సెకనుకు 6 గిగాబిట్ల నుండి 3కు, 1.5కు తగ్గించి నడుపుతుంది. ఆ మాట తన చిట్టాలో రాసిపెడుతుంది కూడా.

తేల్చుకునే విధానం

చాలా లినక్స్ సిస్టములలో కొత్త కెర్నెల్ వేసినా పాతది చెరిగిపోదు. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే పట్టికలో దానిని ఎంచుకోవచ్చు. ఉదయం సేకరణ ముగిసి సాయంత్రం సేకరణ మొదలుకాని వేళలో, ముందుగా లెక్కలు పెన్‌డ్రైవుకు ఎత్తుకుని, పాత కెర్నెల్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి అదే పని చేయించవలెను. గత బిల్లునే మళ్ళీ తయారు చేయించి గడియారం చూడండి. మూడేసి సార్లు చేసి మొదటిది వదిలేయండి. మొదటిసారి డిస్కు నుండి చదివినది తరువాత జ్ఞాపకంలో నిలిచి ఉంటుంది కాబట్టి మొదటిదానిని మిగిలినవాటితో పోల్చరాదు. పాతదానిలో వేగంగానూ, కొత్తదానిలో నెమ్మదిగానూ ఉంటే డిస్కు నిర్దోషి. రెండింటిలోనూ నెమ్మదిగా ఉంటే అప్పుడు డిస్కును అనుమానించవచ్చు.

ఆ అనుమానం తీర్చుకోవడానికి డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టిక ఉన్నది. అందులో 5వ అంశం చెడిపోగా వేరే చోటికి మార్చిన భాగాల సంఖ్య, 197వది చదవడానికి మొరాయిస్తున్న భాగాల సంఖ్య. ఇవి రోజురోజుకూ పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా లెక్కలు ఎత్తుకుని డిస్కు మార్చండి, అది న్యాయమైన ఖర్చే. 199వది మాత్రమే పెరుగుతుంటే దోషం చాలావరకు తీగది. డిస్కు మార్చవలసి వచ్చినప్పుడు తిరిగే పళ్ళాలు లేని ఎస్.ఎస్.డి. తీసుకోవడం మంచిదే, ముల్లు జరిగే బాధ దానికి లేదు. అందులోనూ బారియర్ ఉంచవలసిందే.

పాత కెర్నెల్ మీద కొన్నాళ్ళు నడపడంలో తప్పు లేదు, కాని దానినే శాశ్వతం చేయరాదు. భద్రతా లోపాల సవరణలు కొత్తవాటిలోనే వస్తాయి. మరల మార్చేటప్పుడు బిల్లు పంపిణీ అయిన మరునాడు పెట్టుకోండి, బిల్లు ముందురోజు వద్దు. మార్చిన తేదీ, పాత కెర్నెల్ నంబరు, కొత్త నంబరు, షెడ్యూలర్ పేరు, బిల్లుకు పట్టిన సెకన్లు యంత్రాల రిజిస్టరులో ఒక పంక్తిగా రాసి కార్యదర్శి సంతకం చేయవలెను. డిస్కు కొనుగోలు వోచరు మా ముందుకు వచ్చినప్పుడు మేము మొదట అడిగేది ఆ పంక్తినే. సర్వసభ్య సమావేశంలో దానిని అడిగే హక్కు సభ్యులకూ ఉన్నది.