ఫ్రాంక్లిన్ రెండొందల ఏళ్ల వీలునామా

ఏమర్రా, ఉరుముల్లో గాలిపటం ఎగరేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ మీ పాఠంలో ఉన్నాడు కదా. ఆ పాఠం ఎప్పుడు చూసినా పిడుగు దగ్గరే ఆగిపోతుంది. ఆయన ప్రయోగాలన్నిట్లోకీ నాకు ఇష్టమైనది మాత్రం ఆయన పోయాక మొదలై 200 ఏళ్లు నడిచింది. దానికి దారమూ తాళంచెవీ అక్కర్లేదు. ఒక వీలునామా, 2,000 పౌన్లు, 5 శాతం వడ్డీ, అంతే సరంజామా.

అసలిది వేళాకోళంతో మొదలైంది. ఫ్రాంక్లిన్ వయసులో ఉండగా పూర్ రిచర్డ్ పేరుతో ఏటేటా పంచాంగం అచ్చువేసేవాడు. పొదుపు చెయ్యండి, పెందరాళే లేవండి అంటూ దాన్నిండా సుద్దులే. మతాన్ ద లా కూర్ అనే ఫ్రెంచాయన 1785లో ఈ ధోరణిని వెక్కిరిస్తూ చిన్న పుస్తకం రాశాడు. అందులో ఓ కల్పిత పెద్దమనిషి 500 లీవ్ర్‌లని (అప్పటి ఫ్రెంచి డబ్బు) అయిదు వాటాలు చేసి, ఒకటి వందేళ్లకీ, ఒకటి రెండొందల ఏళ్లకీ, అలా అయిదొందల ఏళ్ల దాకా వడ్డీకి తిప్పి లోకాన్ని ఉద్ధరించమని వీలునామా రాస్తాడు. ఇంకొకరైతే మూతి ముడుచుకునేవారు. 79 ఏళ్ల ఫ్రాంక్లిన్ మాత్రం థాంక్స్ చెబుతూ ఉత్తరం రాశాడు. మంచి ఆలోచన ఇచ్చారు, నేనూ చేస్తానన్నాడు. చేశాడు కూడా.

1789 జూన్‌లో, అప్పటికే రాసి పెట్టుకున్న వీలునామాకి ఒక అనుబంధం తగిలించాడు. పుట్టిన ఊరు బోస్టన్‌కి వెయ్యి పౌన్లు, అన్నం పెట్టిన ఊరు ఫిలడెల్ఫియాకి వెయ్యి పౌన్లు. పెన్సిల్వేనియాకి మూడేళ్లు అధ్యక్షుడిగా చేసిన జీతంలోంచి ఇచ్చిన సొమ్మది. ప్రజాప్రభుత్వంలో పెద్ద పదవులకి జీతమే ఉండకూడదని ఆయన పట్టుదల. మరుసటేడు ఏప్రిల్‌లో పోయాడు.

షరతులు చూడండి, ముచ్చటగా ఉంటాయి. డబ్బు దానంగా పంచకూడదు, అప్పుగా ఇవ్వాలి. ఎవరికి? చేతివృత్తి నేర్చుకుని సొంతంగా దుకాణం పెట్టుకోబోయే కుర్రాళ్లకి. వయసు 25 లోపు ఉండాలి. గురువు దగ్గర పని నేర్చుకోవడం పూర్తయి ఉండాలి. పెళ్లయి ఉండాలి (నవ్వకండి, అలాగే రాశాడు). నడవడి మంచిదని ఇద్దరు పెద్దమనుషులు చెప్పాలి, చెప్పి ఊరుకోకుండా అప్పుపత్రం మీద జామీను సంతకం కూడా పెట్టాలి. ఒక్కొక్కరికి 15 నుంచి 60 పౌన్ల దాకా ఇవ్వొచ్చు. ఏటా అసలులో పదోవంతు, దాంతోపాటు వడ్డీ కట్టెయ్యాలి. కట్టింది కట్టినట్టే ఇంకో కుర్రాడి చేతికి పోవాలి. తను కుర్రాడిగా ఉన్నప్పుడు ఇద్దరు స్నేహితులు అప్పిస్తేనే ఫిలడెల్ఫియాలో అచ్చాఫీసు పెట్టగలిగాడట. ఆ సంగతి వీలునామాలోనే చెప్పుకున్నాడు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మన ఊళ్లో రూపాయి వడ్డీ అంటే వందకి నెలకో రూపాయి, ఏడాదికి 12. ఫ్రాంక్లిన్ అడిగింది ఏడాదికి 5. మన లెక్కన అర్ధరూపాయి వడ్డీ కూడా కాదు. బారువడ్డీ అయితే వెయ్యి పౌన్లు వందేళ్లకి 6,000 అవుతాయి. చక్రవడ్డీ అలా ఊరుకోదు. 72ని వడ్డీ శాతంతో భాగించండి, సొమ్ము ఎన్నేళ్లకి రెట్టింపవుతుందో సుమారుగా వచ్చేస్తుంది. 5తో భాగిస్తే 14 ఏళ్ల పైన కొన్ని నెలలు. వందేళ్లలో అలాంటి రెట్టింపులు ఏడు పడతాయి. 2, 4, 8, 16, 32, 64, 128. మిగిలిన కొసరు కూడా కలిపితే 131 రెట్లు. ఫ్రాంక్లిన్ వీలునామాలో వేసుకున్న అంకె అదే, 1,31,000 పౌన్లు. అందులోంచి లక్ష తీసి ఊరి పనులకి ఖర్చు పెట్టండి, మిగతా 31,000 ఇంకో వందేళ్లు తిప్పండి, 40,61,000 అవుతుంది, అందులో 10,61,000 ఊరికి, 30 లక్షలు రాష్ట్రానికి అన్నాడు. కాగితం తీసుకుని 31,000ని 131తో గుణించండి. ముసలాయన ఎలా లెక్కకట్టాడో మీకే తెలిసిపోతుంది.

నాకు ఈ లెక్క కన్నా గొప్పగా తోచింది నీళ్ల సంగతి. వందేళ్ల తర్వాత వచ్చే లక్షతో ఫిలడెల్ఫియా ఏం చెయ్యాలో కూడా చెప్పాడు. ఊరు పెరిగేకొద్దీ నేలంతా ఇళ్లతోనూ, పరిచిన రాళ్లతోనూ కప్పబడిపోతుంది, వాననీరు భూమిలోకి ఇంకకుండా బయటికి పోతుంది, ఊటలు బలం తగ్గి బావుల్లో నీళ్లు రానురాను పాడవుతాయి, కాబట్టి విస్సాహికన్ వాగు నీళ్లు గొట్టాల్లో ఊళ్లోకి తెమ్మన్నాడు. 1789లో రాసిన మాట! వాకిలి మొత్తం సిమెంటు చేయించి, బోరు ఎండిపోయిందని ట్యాంకర్‌కి ఫోన్ చేసే మన హైదరాబాద్ కాలనీల్లో ఆ పేజీ అచ్చేసి గోడకి అంటించాలి.

అయితే ఊరు వందేళ్లు ఆగలేదు. 1793లో పచ్చజ్వరం వేలమందిని ఊడ్చుకుపోయింది. పాడు నీళ్లూ, మురికీ కారణమని చాలామంది అనుకున్నారు. దోమ కారణమని రుజువైంది 1900లో. పొరపాటు కారణమే అయినా మంచి పనే జరిగింది, 1801 కల్లా షూల్‌కిల్ నది నీళ్లు గొట్టాల్లో ఫిలడెల్ఫియా వీధుల్లోకి వచ్చేశాయి. ఫ్రాంక్లిన్ డబ్బు అప్పటికింకా పిల్లనడకలో ఉంది.

అప్పుల కథ ఇంకో రకం. మొదట్లో వడ్రంగులూ, తాపీపనివాళ్లూ, దర్జీలూ వచ్చి తీసుకున్నారు. కొందరు ఎగ్గొట్టారు, జామీను పెట్టినవాళ్ల వెంట పడాల్సి వచ్చింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. గురువు ఇంట్లో ఏళ్ల తరబడి ఉండి పని నేర్చుకునే పద్ధతే పలచబడింది. 25 లోపు, పెళ్లయి, పని నేర్చి, సొంత కొట్టు పెట్టే కుర్రాడు ఎక్కడ దొరుకుతాడు? అప్పు అడిగేవాడే లేకపోతే డబ్బు పెట్టెలో కూర్చుంటుంది, కూర్చున్న డబ్బు పిల్లలు పెట్టదు. బోస్టన్‌వాళ్లు చురుకైనవాళ్లు, చాలాభాగం తీసుకెళ్లి ఒక జీవిత బీమా కంపెనీలో పెట్టారు. 1894 నాటికి వాళ్ల దగ్గర సుమారు 3,90,000 డాలర్లు తేలింది. ఫ్రాంక్లిన్ అనుకున్న పౌన్లని డాలర్లలోకి మారిస్తే, అందులో మూడింట రెండొంతులన్నమాట. వెనక్కి లెక్కేస్తే ఏటా నాలుగున్నర శాతానికి కాస్త తక్కువ పడింది. 5కీ, నాలుగున్నరకీ తేడా ఎంతని? వందేళ్లు తిరిగేసరికి ఆ అరశాతమే మూడోవంతు మింగేసింది. ఫిలడెల్ఫియా సొమ్ము బోస్టన్ సొమ్ములో సగానికి కూడా రాలేదు. మధ్యలో ఫ్రాంక్లిన్ వారసులు కొందరు ఆ డబ్బు మాదేనంటూ కోర్టుకెక్కి ఓడిపోయారు. డబ్బు ఉన్నచోట వారసులు ఎక్కడైనా ఒకటే.

బోస్టన్ తన మొదటి వాటాకి ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన సొమ్ము జత చేసి, 1908లో ఫ్రాంక్లిన్ యూనియన్ అనే సాంకేతిక విద్యాలయం తెరిచింది. ఇప్పటికీ వేరే పేరుతో నడుస్తోంది. ఫిలడెల్ఫియా వాటా ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌కి, అంటే అక్కడి పెద్ద సైన్స్ మ్యూజియానికి ఉపయోగపడింది. ఇన్నేళ్లలో ఎన్ని ఆటంకాలొస్తాయో, నేను మరీ ఆశపడుతున్నానేమోనని ఆయనే వీలునామాలో రాసుకున్నాడు పాపం.

మనలో ఎవరికైనా ఫ్రాంక్లిన్‌లా మంచి పనికి సొమ్ము రాసిపెట్టాలని బుద్ధి పుడితే అదేం కష్టం కాదు. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రాసినవాడి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత తగువు తక్కువ. హిందువులైతే స్వార్జితం ఎవరికైనా రాయొచ్చు, ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే. నన్నడిగితే బడికో, ఆసుపత్రికో రాసేటప్పుడు దాని రిజిస్టరు పేరు సరిగ్గా రాయండి, అది మూతపడితే సొమ్ము ఎవరికి పోవాలో కూడా ఒక వాక్యం రాయండి. షరతులు మరీ బిగించకండి, వృత్తులు మారిపోతాయి.

మళ్లీ ఫ్రాంక్లిన్ సొమ్ము దగ్గరికొస్తే, 200 ఏళ్ల గడువు 1990లో తీరింది. బోస్టన్ ఖాతాలో 45 - 50 లక్షల డాలర్ల మధ్య, ఫిలడెల్ఫియాలో 20 లక్షల పైచిలుకు తేలాయి. ఫ్రాంక్లిన్ నాటి డాలరుతో వచ్చే సరుకు 1990 నాటి డాలరుకి రాదు, అయినా తక్కువేం కాదు. ఫిలడెల్ఫియాలో ఆ డబ్బుతో పెద్ద సంబరం చేద్దామన్న మాట కూడా లేచింది. జనం ఊరుకోలేదు. చివరికి నగరం తన వాటాని హైస్కూలు అయ్యాక చేతిపనులూ, సాంకేతిక పనులూ నేర్చుకునే పిల్లలకి స్కాలర్‌షిప్పులుగా పెట్టింది. పెళ్లి చేసుకుని రమ్మని మాత్రం ఎవరూ అడగడం లేదు.