బిడ్డల కన్నులకు కావలి

బిడ్డ నోటిలో నేమి పెట్టుకొనెనో యని తల్లి వేయి కన్నులతో కనిపెట్టియుండును. మన్ను తినిన నోరు కడుగును. పాచిపోయిన పదార్థమును పాఱవేయును. వీధిలో నమ్ము రంగునీళ్లను త్రాగనీయదు. నోటికి గల యీ కావలి కన్నులకు లేకపోవుటయే నేటి గృహములలోని పెద్ద కొఱత యని మాకు తోచుచున్నది. కడుపులోనికి పోయిన చెడు పదార్థము ఏదో యొక విధమున వెడలిపోవును. కంటి ద్వారమున మనస్సులోనికి పోయిన భయంకర దృశ్యము అంత సులభముగ వెడలదు. బడికి పోవు పిల్లల నడుమ సెల్‌ఫోనుల మూలమున సంచరించుచున్న హత్యల యొక్కయు, కొట్లాటల యొక్కయు, ప్రమాదముల యొక్కయు వీడియోలను గుఱించి యీ మాసమున సోదరీమణులతో ముచ్చటింప నెంచితిమి.

హైదరాబాదు పాతనగరములోని ఛత్రినాక వంటి పేటను తలంచుకొనుడు. లాల్‌దర్వాజా, గౌలిపుర, ఉప్పుగూడ, అలియాబాదు పేటల నడుమ ఇండ్లు ఒండొంటి నానుకొని యుండును. ఆషాఢమాసమున లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళికి బోనమెత్తు దినములలో ఒక యింటి బిడ్డ పది యిండ్ల బిడ్డయై తిరుగును. ఇట్టి పేటలలో గడపకడ కూర్చున్న అవ్వయే వీధికెల్ల కావలి. క్రొత్తవాడు సందులో నడుగిడెనేని ఆమె కంటఁ బడకపోడు. కాని ఆమె ప్రక్కనే కూర్చున్న మనుమని యఱచేతిలోనికి ఏ దేశపు హత్య వచ్చి పడుచున్నదో ఆమె యెఱుగఁజాలదు. గడపకు గల కావలి ఫోనునకు లేదు.

ఈ ఫోను పిల్లల చేతికి మనమే యిచ్చితిమి. అది మన తప్పని చెప్పుటకును వీలు లేదు. కరోనా మహమ్మారి కాలమున బడులు మూతపడగా, తెలంగాణమున 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి పాఠములు దూరదర్శనమునను, టీ-శాట్ ద్వారమునను జరిగినవి. ఇంటిపని వాట్సాప్‌లో వచ్చెడిది. ఒక్క ఫోను గల యిండ్లలో తండ్రి ఫోనే బిడ్డకు పలకయు, పుస్తకము నైనది. బడులు తెఱచిన పిమ్మటను ఆ యలవాటు పోలేదు. పాఠశాల గ్రూపును చూచుటకై తెఱచిన ఫోనులోనే తండ్రి మిత్రుల గ్రూపును గలదు. పినతండ్రి పంపిన వీడియోయు గలదు. దాని నొక పిల్లవాడు చూచును. మఱునాడు బడిలో చెప్పును. "నీవు చూచితివా? భయపడితివా?" అని తోడివాడు పరిహసించును. భయపడలేదని చూపుకొనుటకై రెండవవాడును చూచును. సాయంకాలమునకు తరగతి యంతయు చూచియుండును. కావున ఈ యుపద్రవమునకు మొదలు బడిలో నున్నదని బడిని నిందించుటకు ముందు, మన యింటి ఫోనును పరీక్షించుకొనవలయును.

పెద్దలు పంపు వీడియోల వలన నెంత ఘోరము జరుగునో చూపుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. 2018 వ సంవత్సరపు వేసవిలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని తెలుగునాట ఊరూర వాట్సాప్ సందేశములు వ్యాపించినవి. వానితోడ గుండెలవియజేయు వీడియోలు వచ్చినవి. ఆ మే నెల కడపట ఒక రాత్రి, ఛత్రినాకకు దక్షిణమున సమీపముననే యున్న చాంద్రాయణగుట్టలో, భిక్షాటనముచే జీవించు ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని పిల్లల నెత్తుకొనిపోవు మనిషియని భ్రమించి జనులు గుమిగూడి కొట్టి చంపిరి. ఆమె యే బిడ్డ నెత్తుకొనిపోలేదు.

అదే సంవత్సరము జూలై 13వ తేదీన, కర్ణాటకములోని బీదరు జిల్లాకు విహారమునకై పోయిన హైదరాబాదు యువకుడు, ఇంజనీరుగా నుద్యోగము చేయుచుండినవాడు, తన మిత్రులతోఁ గూడ ఇట్టి యపవాదమునకే గుఱియై ప్రాణము కోల్పోయెను. వారు చేసిన నేర మేమి? బడినుండి వచ్చుచున్న పిల్లలకు చాకొలెట్లు పంచిపెట్టుట! వారి కారును గూర్చిన వీడియో వారికంటె ముందుగ పై గ్రామమునకు చేరినది. అక్కడి జనులు త్రోవకు అడ్డము పెట్టిరి.

ఆ దినములలో సంచరించిన వీడియోల నిజమును తెలిసికొనిన నాశ్చర్యము కలుగును. మోటారుసైకిలుపై వచ్చిన యిద్దఱు వీధిలో నాడుకొను బాలుని లాగుకొనిపోవు వీడియో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. అది నిజమైన యపహరణము కాదు. పాకిస్తానులోని కరాచీ నగరమున, బిడ్డలను జాగ్రత్తగ కాపాడుకొనుడని చెప్పుటకై ఒక ధర్మసంస్థ తీయించిన బోధచిత్రము. బాలుని మరల దింపివేసి, హెచ్చరిక వ్రాసిన యట్టను చూపు కడపటి భాగమును ఎవరో కత్తిరించి, మొదటి భాగమును మాత్రము లోకముమీదికి వదలిరి. వరుసగ పడియున్న బిడ్డల శవముల చిత్రమో, 2013 లో సిరియా దేశమున విషవాయువుచే మరణించిన పసివారిది. వీనిని పంపినవారిలో పెక్కండ్రు దుర్మార్గులు కారు. తల్లులును, తండ్రులును, మేనత్తలును. "పిల్లలు జాగ్రత్త" యని ప్రేమతో పంపిరి. ఆ ప్రేమయే పిల్లలకు పీడకలలను, నిరపరాధులకు మృత్యువును తెచ్చినది.

ఆ కాలముననే జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి శ్రీమతి రెమా రాజేశ్వరి ఊరూరికిని పోలీసులను పంపి, పాటలతోను డప్పులతోను ఈ వదంతుల బూటకమును ప్రజలకు బోధింపజేసిరి. వాట్సాప్ సంస్థయు మన దేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకంటె నెక్కువ పంపరాకుండ నా జూలైలోనే కట్టుదిట్టము చేసినది. కాని ప్రభుత్వము చేయు కట్టడికంటె గృహిణి చేయు కట్టడి బలవత్తరము.

బూటకపు వీడియోలు మాత్రమే చెఱుపు చేయునని తలంపరాదు. నిజమైనవి యంతకంటె భయంకరములు. 2018 సెప్టెంబరులో అత్తాపూరు రాజమార్గమున పట్టపగలు ఒక మనుష్యుని నఱకి చంపుచుండ, చుట్టునున్నవారు ఫోనులలో చిత్రించిరి. ఆ చిత్రము నగరమంతయు తిరిగినది. 2023 ఫిబ్రవరిలో బాగ్ అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివానిని కుక్కలు చంపిన దృశ్యము సీసీ కెమేరాలో పడగా, దానిని టెలివిజనులలోను, ఫోనులలోను మరల మరల చూపిరి. ఆ బిడ్డ యీడు పిల్లలెందఱు దానిని చూచి వీధిలో నడుగు పెట్టుటకు వెఱచిరో! కన్నతల్లి కడుపుకోతను లోకమునకు వేడుకగ చేయుట ధర్మమా యని యొక్క క్షణము యోచింపుడు.

2019 మార్చి 15వ తేదీన న్యూజీలాండు దేశపు క్రైస్ట్‌చర్చి నగరమున రెండు మసీదులలో 51 మంది హతులైరి. వారిలో మన హైదరాబాదువారును గలరు. హంతకుడు తన కృత్యమును ఫేస్‌బుక్కులో నప్పటికప్పుడు ప్రసారము చేసెను. తొలి 24 గంటలలో ఆ వీడియో ప్రతులను 15 లక్షలు తొలగించితిమని ఆ సంస్థయే ప్రకటించినది. ఒక్కని క్రౌర్యమునకు లక్షల చేతులు తోడైనవన్నమాట. అంత ధనమును, యంత్రములును గల సంస్థకే యాపశక్యము కానిది, ఒక్క పాఠశాల నియమముచే నాగునని నమ్మి నిశ్చింతగ నుండరాదు.

చూచినంతమాత్రమున నేమగునని కొందఱందురు. 2013 ఏప్రిలులో అమెరికాలోని బోస్టను నగరమున పరుగుపందెము జరుగుచుండగా బాంబులు ప్రేలినవి. ఆ పిమ్మట పండితులు జరిపిన పరిశోధనలో, ఆ వారమున దినమునకు ఆఱు గంటలు, అంతకుమించియు ఆ వార్తలను చిత్రములను చూచుచు గడపినవారికి, ఆ స్థలముననే యుండినవారికంటెను తీవ్రమైన మనోవేదన కలిగినట్లు తేలినది. వయసు వచ్చినవారి గతియే యిట్లుండ, ఇక పసివారి మాట చెప్పనేల? పెద్దలు ఒక దృశ్యమును చూచి "ఇది ఎక్కడనో జరిగినది, ముగిసినది" యని సమాధానపఱచుకొందురు. చిన్నపిల్లలకు దూరమును, కాలమును అంతగ తెలియవు. అది మన సందులోనే, రేపే జరుగునని వారు తలంతురు.

ఇట్టి దానిని చూచిన బిడ్డ చూచితినని నోట చెప్పుట యరుదు. దేహమే చెప్పును. ఒంటరిగ పరుండ నొల్లకపోవుట, నిద్రలో నులికిపడుట, మానిన పక్కతడుపుట మరల మొదలగుట, బడివేళకు కడుపునొప్పి యనుట, ఊరక విసుగుకొనుట, చూచిన దానినే బొమ్మలతో నాడుట — ఇట్టివి కనిపించినపుడు కొట్టక, తిట్టక, దగ్గఱకు తీసికొని మెల్లగ నడుగవలయును.

బిడ్డ నోరు విప్పిన క్షణమే మిక్కిలి ముఖ్యమైనది. అప్పుడు తల్లి "ఆ ఫోను నెందుకు ముట్టితివి?" అని గద్దించెనేని ఆ నోరు మరల తెఱవఁబడదు. "బిడ్డా, నాతో చెప్పితివి, మంచి పని చేసితివి. నీ తప్పేమియు లేదు. నీవిప్పు డింటిలో నా కడ నున్నావు" అని యనుట చాలును. ఏమి చూచెనో వానినే చెప్పనీయవలయును. తల్లి ఆ వీడియోను వెదకి వానియెదుట మరల చూడరాదు. "అంతయు అబద్ధము" అని బుకాయింపనురాదు. నిజమైనచో నిజమనియే చెప్పి, దానికి పోలీసులును పెద్దలును ఏమి చేసిరో తెలుపవలయును. ఆ రాత్రి వానిని దగ్గఱ పరుండబెట్టుకొనుట, మఱునాడు స్నానము భోజనము ఆట యథావిధిగ జరుపుట మేలైన మందులు. భయంకర చిత్రమును చూచిన కొలదిసేపటికి కంటికిని చేతికిని పని కల్పించు టెట్రిస్ అను ఆట నాడినవారికి ఆ దృశ్యములు మనస్సున తక్కువగ మెదలినవని 2009 లో ఇంగ్లండు పండితులు పెద్దవారియందు పరీక్షించి ప్రకటించిరి. మన యింటిలో ముగ్గు పెట్టుట, అష్టాచెమ్మ యాడుట, పూలు గ్రుచ్చుట అట్టి పనులే కదా! వానికి కూర్చోబెట్టుటవలన నష్టమేమియు లేదు. కొన్ని వారములైనను భయము తీఱనిచో వైద్యుని యాశ్రయింపవలయును. 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఏ వేళనైనను పిలిచి ఉచితముగ మనోవైద్యుల సలహా పొందవచ్చును.

ఇక ముందు జాగ్రత్తలు. వాట్సాప్‌లో వచ్చిన చిత్రములు వానియంతట నవి ఫోనులోనికి దిగకుండ సెట్టింగులలో నాపివేయవలయును. ఎవరుపడిన వారు మనలను గ్రూపులలో చేర్చకుండ చేయు నేర్పాటును 2019 నుండి గలదు. ఈ రెండును అయిదు నిమిషముల పని. చేతగానిచో ఇంటిలోని పెద్ద పిల్లవానిచేతనే చేయింపవచ్చును. హింసను పంపుట మానని గ్రూపునుండి, అది చుట్టములదైనను, వెలుపలికి వచ్చుట మర్యాదకు లోపము కాదు. రాత్రివేళ ఫోనులన్నియు వంటింటిలో నొక్కచోట నుంచుట మంచి యలవాటు. అన్నిటికంటె ముఖ్యమైనది, మనకు వచ్చిన ఘోర చిత్రమును మన చేతినుండి యొకరికి పోనీయకుండుట.

బడి విషయమున తల్లులు నలుగురు కలసి ప్రధానోపాధ్యాయుని చూచుట మేలు. ఒక్కరు పోయిన ఫిర్యాదగును. నలుగురు పోయిన ఏర్పాటగును. తరగతిలో ఫోనునకు తావు లేదనియు, ఇట్టి వీడియోను చూచిన పిల్లలు ఏ యుపాధ్యాయినితో చెప్పుకొనవలెననియు నిశ్చయించుకొనవలయును. మొదట చూపిన పిల్లవానిని పదిమందిలో నిలబెట్టి యవమానింపరాదు. వాడును పెద్దలెవరో పంపిన దానిని చూచి బెదరినవాడే. ఆ బెదరును పంచుకొనుటకే తోడివారికి చూపియుండును.

పిల్లలపై జరుగు లైంగికాకృత్యముల చిత్రముల మాట వేఱు. సమాచార సాంకేతిక చట్టము 67బి సెక్షను ననుసరించి, అట్టివానిని తీయుట, పంపుట మాత్రమే కాక వెదకి చూచుటయు నేరమే. మొదటిసారికే అయిదేండ్ల వఱకు కారాగారము, పది లక్షల రూపాయల వఱకు జుల్మానా విధింపవచ్చును. "ఈ దుర్మార్గము చూడుడు" అని యితరులకు పంపినను తప్పే. అట్టిది కంటబడిన వెంటనే పోలీసులకుగాని, బాలల సహాయమునకై యేర్పడిన 1098 సంఖ్యకుగాని తెలుపవలయును.

"బిడ్డకు లోకము తెలియవలదా? కన్నులు మూసి పెంచిన రేపెట్లు బ్రతుకును?" అని యడుగు సోదరీమణులు గలరు. లోకము తెలియవలసినదే. రోడ్డుమీద ప్రమాదమెట్లు జరుగునో తండ్రి చేయి పట్టుకొని నేర్పవచ్చును. దుష్టుని స్పర్శ యెట్టిదో తల్లి ఒడిలో కూర్చుండబెట్టుకొని చెప్పవచ్చును. ఇది తెలివి నిచ్చును. ఫోనులోని నెత్తురు తెలివి నీయదు. మొదట భయమును, పలుమాఱు చూడగా చూడగా మొద్దుదనమును ఇచ్చును. ఒకడు చచ్చుచుండగా ఫోను చేతపట్టుకొని చిత్రించు మనుష్యులు ఇట్లే తయారగుదురు. మన బిడ్డలు అట్టివారు కాకుండుట, పీడకలలు లేకుండుటకంటె చిన్న విషయము కాదు.

ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10వ తేదీనుండి పదునాఱేండ్లలోపు పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివానిలో ఖాతాలు ఉండరాదని శాసించినది. మన దేశమున నేమి శాసనము వచ్చునో వేచి చూచుచు కూర్చుండనేల? నేటి రాత్రి వంటయిల్లు సర్దిన పిమ్మట ఒక పావుగంట ఫోను చేతికి తీసికొనుడు. అందులో మన బిడ్డ చూడరాని వేమేమి గలవో తుడిచివేయుడు. రేపు బడినుండి వచ్చిన బిడ్డను మార్కులెన్ని యని యడుగుటకు ముందు, "ఈనాడేమి చూచితివి బిడ్డా?" అని యడుగుడు. ప్రతిదినము నడుగు తల్లికి ఏదో యొకనాడు బిడ్డ తప్పక చెప్పును. ఆ నాటికి మనము వినుటకు సిద్ధముగ నుండవలయును.