మగ్గము నుండి పుట్టిన పనిపలక

నాందేడులోని మన నేత కుటుంబముల పిల్లలు కొందరు పూణె, హైదరాబాదులలో సాఫ్ట్‌వేర్ పనిలో నున్నారు. బృందముల పనిని నడుపుటకు క్రొత్త సాఫ్ట్‌వేర్ చేయ సంకల్పించు యువకులకును, ఇది మనకెందుకని యడుగు పెద్దలకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వారు అనుసరించు పద్ధతిని 'ఎజైల్' అందురు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది కూడి దాని సూత్రములను ప్రకటించిరి. పనిని చిన్న తునకలుగా చేసి, ఒకటి రెండు వారములకొకసారి కొనువానికి చూపి దిద్దుకొనుటయే అందలి సారము. చీర మడత పెట్టిన పిదప అంచు తప్పును కనుగొన్న ప్రయోజనమేమి? జానెడు నేసినప్పుడే చూడవలెను గదా.

ఈ బృందములు పలువురు వాడు పలకకు 'కాన్‌బాన్' అని పేరు. జపాను భాషలో బోర్డు అని యర్థము. దీనిని టొయోటా మోటారు కర్మాగారమున ప్రవేశపెట్టిన ఓనో తైచీ 1932లో చేరినది వారి నూలు, నేత మిల్లులోనే. మోటారు వైపునకు 1943లో మారెను. ఆ సంస్థకు మూలపురుషుడు టొయోడా సకిచి. ఆయన 1924లో పూర్తి చేసిన మరమగ్గము పడుగు పోగు తెగిన వెంటనే తానే ఆగెడిది. తప్పు గుడ్డ నేయుటకంటె ఆగుట మేలని దాని నీతి.

పలకపై మూడు గడులు: చేయవలసినవి, చేయుచున్నవి, అయినవి. నడిమి గడికి హద్దు పెట్టుటయే కీలకము. నాలుగేసి దినముల పనులు మూడున్నవనుకొందము. ఒకదాని వెనుక నొకటి చేసిన 4, 8, 12వ దినములకు ముగియును. దినమున కొకటి చొప్పున మార్చి మార్చి చేసిన 10, 11, 12వ దినములకు గాని ముగియవు. శ్రమ ఒక్కటే, కాని మొదటి కూలి ఆరు దినములు ఆలస్యము! షావుకారు త్వరపెట్టినాడని ఇంకొక పడుగు ఎక్కించిన యింట ఈ లెక్క చెప్పనక్కరలేదు.

కావున మన పిల్లల సాఫ్ట్‌వేర్ నడిమి గడి నిండినప్పుడు క్రొత్త పనిని నిరాకరించవలెను. పోగు తెగినప్పుడు, అనగా పని చిక్కుపడినప్పుడు, ఎర్రగుర్తు అందరికీ కనపడవలెను. ఎవరెన్ని నిమిషములు కూర్చుండిరని లెక్కించు యంత్రముగా మాత్రము దానిని చేయరాదని మా దృఢాభిప్రాయము. అట్టిదానిని యజమానులు సంతోషముగా కొందురు. పనివారు అందులో అబద్ధము వ్రాయుదురు. అబద్ధము చేరిన పలక దేనికిని కొరగాదు.

మొదట ప్రోగ్రాము వ్రాయక, ఒక నెల గోడపై చీటీలతో నడిపి చూడుడు. నాందేడున ఇంట తెలుగు మాటలాడి బడిలో మరాఠీ చదివిన వారు గలరు. చీటీ రెండు లిపులలోను ఉండుట అవసరము.