వర్ణములను వేరుపరచు సిలికాను పొర

నేడు టెలిఫోను మాటలును, వార్తలును, చిత్రములును సన్నని గాజుతంతువుల గుండ పయనించుచున్నవి. ఒకే తంతువులో 1550 నానోమీటర్ల ప్రాంతమునందలి పెక్కు తరంగదైర్ఘ్యముల కాంతి కలసి వచ్చును. ఒక్కొక్కటి వేరొక సమాచారమును మోయును. ఇవి కంటికి కానరాని పరారుణ కిరణములు. అయినను సౌలభ్యమునకై వర్ణములనియే పిలుచుకొందము. ప్రక్కప్రక్క వర్ణముల నడుమ అంతరము తరచుగా 0.8 నానోమీటరు మాత్రమే. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. గమ్యము చేరిన పిమ్మట వీనిని దేనికది విడదీయుట ఎట్లు?

మూలసూత్రము పాతదే. 1821లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రౌన్‌హోఫర్ సన్నని తీగలను దగ్గరదగ్గరగా బిగించి, వాని సందుల గుండ కాంతిని పంపి తరంగదైర్ఘ్యములను కొలిచెను. ఇట్టి అమరికయే వివర్తన జాలకము. కాంపాక్టు డిస్కును ఎండలో త్రిప్పినపుడు శ్రోతలు చూచియుండు రంగులును ఈ సూత్రము ఫలితమే. 1882లో అమెరికాలో హెన్రీ రోలండు పుటాకార దర్పణముపై గీతలు గీచి, వర్ణములను విడదీయుటయు, ఒక్కొక్కదానిని ఒకచోట కేంద్రీకరించుటయు ఆ దర్పణము చేతనే సాధించెను.

ఆ దర్పణమునే నేటి శిల్పులు సిలికానులో చెక్కుచున్నారు. సిలికా గాజుపై తరచుగా 220 నానోమీటర్ల మందము గల సిలికాను పొర ఉండును. సన్నని కాలువ గుండ వచ్చిన కాంతి ఆ పొరలో విసనకఱ్ఱవలె విచ్చుకొని, ఎదుట రంపపు పండ్లవలె చెక్కిన వంపు గోడను తాకి మరలును. ప్రక్కప్రక్క పండ్లనుండి వచ్చు కాంతికి మార్గభేదము, పొరలోని తరంగదైర్ఘ్యమునకు పూర్ణసంఖ్యా గుణిజమైన చోట తరంగములు ఒకదానికొకటి తోడగును. ఆ చోటు ఒక్కొక్క వర్ణమునకు ఒక్కొక్కటి. అచ్చటనే నిర్గమ కాలువను అమర్చుదురు.

ఆ పూర్ణసంఖ్యకు క్రమమని పేరు. పండ్ల సంఖ్య మారక క్రమము హెచ్చినచో విభజన నిశితమగును. కాని దూరపు వర్ణములు వచ్చి ఒకే కాలువలో పడు ప్రమాదము కలదు. కావలసిన వర్ణములన్నియు ఇముడునట్లు క్రమమును ఎన్నుకొనవలెను. మఱియు గోడ సాదాగా ఉన్నచో కాంతిలో చాలభాగము మరలదు. అందుచే దానికి లోహపు పూత పూయుదురు. లేదా ప్రతి పంటి వెనుక సన్నని చీలికల వరుసను తొలుచుదురు.

అన్నిటికన్న కఠినమైనది పొర మందము. అది ఒక్క నానోమీటరు తప్పినచో వర్ణస్థానములు ఒక నానోమీటరుకు మించి జరుగును. అనగా ఒక కాలువకు రావలసిన సమాచారము ప్రక్క కాలువలో పడును. సిలికాను స్ఫటికములో అణువుల అమరిక 0.543 నానోమీటరున కొకసారి పునరావృత్తమగును. కావున ఇచట తప్పు రెండు అమరికల ఎత్తు మాత్రమే! ఉష్ణోగ్రత పది సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగినను ఇంచుమించు అదే నష్టము.

దీనికి విరుగుడుగా చిన్న విద్యుత్తాపకమును చేర్చి స్థానములను సరిదిద్దుదురు. అయితే వేడి చేసినచో స్థానములు దీర్ఘ తరంగముల వైపునకే జరుగును. అందుచే రూపకర్త మొదటనే గురిని కొంచెము హ్రస్వ తరంగముల వైపు ఉంచును; తక్కిన దూరమును తాపకము పూరించును.