విళంబరాలు దాటించే బటను



కోయంబత్తూరు పీలమేడులో, సింగానల్లూరులో, మదురై చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా ఉంటున్న మా తెలుగు ఇళ్ళలో టీవీలో వచ్చే వ్యాపార ప్రకటనను ‘విళంబరం’ అంటాం. అది తమిళ మాట. చిత్తూరు వైపు వస్తే దాన్నే ప్రకటన అంటారు. హైదరాబాదు చేరేసరికి అది యాడ్ అయిపోతుంది. రికార్డు చేసి పెట్టుకున్న కార్యక్రమం చూసేటప్పుడు ఈ విళంబరాలను రిమోటులోని ఒక్క బటనుతో ఎట్లా దాటించాలి, ఆ బటనును మనమే ఎట్లా తయారు చేసుకోవాలి అన్నది ఈనాటి విషయం.

ఇదీ ఒక ప్రసంగమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మా ఊళ్ళ సంగతి కొంచెం చెబితే అర్థమవుతుంది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టిన కాలంలోనూ, దానికి కాస్త అటూ ఇటూగానూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఉండే నేల భాష నేర్చుకోవడం మంచిదే, నేను కూడా బడిలో తమిళంలోనే పాఠం చెబుతాను. అయితే మా పిల్లలకు తెలుగు చెవికి తగిలేది ఇంట్లో అవ్వా తాతల నోట, ఆ తర్వాత టీవీలో. అవ్వ చూసే తెలుగు సీరియల్ సాయంత్రం 7 గంటలకు వస్తే, ఆ వేళకు పిల్లవాడు ట్యూషన్‌లో ఉంటాడు. 8:30కి ఇంటికి వస్తాడు, 9 గంటలకు అన్నం తినాలి. ఇద్దరూ కలిసి కూర్చునేది ఆ అరగంటే. అందుకే రికార్డింగు.

ఇప్పుడు లెక్క చూడండి. మన దేశంలో కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలు, 2 నిమిషాలు ఛానెల్ తన గురించి తాను చెప్పుకునేవి. అంటే అరగంటకు 6 నిమిషాలు. నిబంధన అది. మీ గడియారం ఏం చెబుతుందో మీరే చూసుకోవాలి. ఆ 6 నిమిషాలూ మిగిలితే ఏం చేసుకోవచ్చో తర్వాత చెబుతాను.

వెనుకటి రోజుల్లో ఈ పని వీసీఆర్‌తో జరిగేది. 1995లో జెమిని టీవీ, ఈటీవీ మొదలయ్యాయి. కేబుల్‌లో అవి దొరికిన మా ఇళ్ళలో క్యాసెట్లు పేరుకోసాగాయి. ఈ-180 అని రాసి ఉన్న క్యాసెట్‌లో 3 గంటలు పట్టేది. టేపు అంటే దారం ఉండ లాంటిది, మధ్యలో ఉన్నది కావాలంటే ముందున్నదంతా విప్పాల్సిందే. ఫార్వర్డ్ నొక్కి, గీతలు గీతలుగా పరుగెత్తే బొమ్మను చూస్తూ, సీరియల్ మనుషుల ముఖాలు కనబడగానే ఆపేవాళ్ళం. కొన్ని వీసీఆర్‌ల రిమోటుకు 30 సెకన్ల చొప్పున టేపును ముందుకు నడిపే బటను కూడా ఉండేది. వీసీఆర్‌ల తయారీ ప్రపంచం మొత్తం మీద 2016లో ఫునాయ్ అనే జపాను కంపెనీతో ముగిసింది.

ఇప్పుడు రికార్డింగు సెట్‌టాప్ బాక్సు లోపల హార్డ్ డిస్కులోనో, బాక్సుకు గుచ్చిన పెన్‌డ్రైవ్‌లోనో జరుగుతుంది. మన దేశంలో 2008లో వచ్చిన టాటా స్కై ప్లస్ ఇటువంటిదే. డిస్కులో దారం ఉండ లేదు. పుస్తకంలో కావలసిన పేజీ తిప్పినట్టు ఎక్కడికంటే అక్కడికి దూకవచ్చు. అందుకే విళంబరం దాటడం అప్పటికంటే సులభం. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కిన కార్యక్రమం చాలా బాక్సుల్లో ఆ బాక్సుకే తాళం వేసి ఉంటుంది. పక్కింటికి తీసుకెళితే ఆడదు.

ఇక రిమోటు. రిమోటుకు విళంబరం అంటే ఏమిటో తెలియదు, సీరియల్ అంటే ఏమిటో తెలియదు. దాని కొసన ఉన్న చిన్న దీపం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును సెకనుకు 36 వేల నుంచి 38 వేల సార్లు మినుకుమనిపిస్తూ, ఆ మినుకులను గుంపులు గుంపులుగా పంపుతుంది. ఆ గుంపుల వరుసే ఒక సంఖ్య. ‘నేను ఫలానా యంత్రాన్ని పిలుస్తున్నాను, ఫలానా పని చెయ్యి’ అన్నంతే దాని భాష. ఈ వెలుగు చూడాలనుంటే సెల్‌ఫోను కెమెరా ముందు రిమోటు పెట్టి నొక్కండి, లేత ఊదారంగు మెరుపు కనబడుతుంది. కొన్ని ఫోన్లలో వెనుక కెమెరాకు కనబడదు, ముందు కెమెరాతో చూడాలి. రిమోటు చెడిందా, బ్యాటరీ అయిపోయిందా అని తేల్చుకోవడానికి కూడా ఇదే పరీక్ష.

మొదటి పని, మీ రిమోటులో ముందుకు దూకే బటను ఉందేమో చూడండి. రికార్డు చేసినది ఆడుతుండగా కుడి బాణం గుర్తునో, రెండు బాణాల గుర్తునో ఒక్కసారి నొక్కి, తెర మీద సమయం ఎంత మారిందో చూడాలి. 30 సెకన్లు దూకితే అదృష్టం. అమెరికాలో 1999లో వచ్చిన టివో అనే పెట్టెలో ఈ బటను పైకి కనిపించేది కాదు. కార్యక్రమం ఆడుతుండగా సెలెక్ట్, ప్లే, సెలెక్ట్, 3, 0, సెలెక్ట్ అని వరుసగా నొక్కితే లోపలి నుంచి శబ్దం వచ్చి, అక్కడి నుంచి ఒక బటను 30 సెకన్లు దూకేది. మంత్రం తెలిసినవాడికే తలుపు తెరుచుకునేది.

దూకే బటను లేకపోతే వేగంగా నడిపే బటనే గతి. 3 నిమిషాల విళంబరాలు 16 రెట్ల వేగంతో 11 సెకన్లలో అయిపోతాయి. అయితే ఆపడంలో ఒక్క సెకను ఆలస్యమైతే 16 సెకన్ల కథ పోతుంది. ఆ 16 సెకన్లలోనే అత్తగారు అసలు రహస్యం చెప్పేసి ఉంటుంది! కాబట్టి 16 రెట్లలో మొదలుపెట్టి, చివరలో 4 రెట్లకు దిగడం మేలు.

దూకే బటను ఉన్నవాళ్ళు దాన్ని ఇంకొక మెట్టు ఎక్కించవచ్చు. బజారులో ‘లెర్నింగ్ రిమోటు’ అని దొరుకుతుంది, నేర్చుకునే రిమోటు అన్నమాట. దానిని, పాత రిమోటును ముక్కూ ముక్కూ ఎదురుగా బెత్తెడు దూరంలో పెట్టి, నేర్చుకునే స్థితిలో ఉంచి పాత దాని బటను నొక్కితే కొత్తది ఆ మినుకుల వరుసను పట్టేస్తుంది. ‘మ్యాక్రో’ సౌకర్యం ఉన్నదే కొనండి. మ్యాక్రో అంటే ఒక్క బటను కింద చాలా నొక్కుళ్ళను వరుసగా దాచడం. డీటీహెచ్ రిమోటులో కూడా నేర్చుకునే బటన్లు కొన్ని ఉంటాయి కానీ అవి టీవీ శబ్దం, ఆన్ ఆఫ్ వరకే. మీ బాక్సు రిమోటు బ్లూటూత్ రకమైతే ఈ నేర్పుడు పనికిరాదు, అక్కడ పట్టడానికి వెలుగే లేదు.

ముందు ఒక వారం పాటు గడియారం పట్టుకుని మీ సీరియల్‌లో ప్రతి విరామం ఎంతసేపు ఉందో కాగితం మీద రాసుకోండి. విరామం 3 నిమిషాలు అనుకుందాం, 30 సెకన్ల దూకుళ్ళు 6 కావాలి. మ్యాక్రోలో 6 పెట్టకండి, 5 పెట్టండి. దాటిపోయి వెనక్కి వెతుక్కోవడం కంటే కొంచెం ముందే దిగడం నయం. ప్రతి నొక్కుడుకూ మధ్య అర సెకను ఎడం ఇవ్వాలి. లేకపోతే బాక్సు మొదటిది మింగుతుండగానే రెండోది వచ్చి, రెండూ పోతాయి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. అన్నీ సరిగా చేసినా 5 దూకుళ్ళకు బదులు ఒక్క దూకుడే జరిగి మనిషిని విసిగిస్తుంది. కారణం చాలామంది మెకానిక్కులకు కూడా తట్టదు. ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన ఆర్‌సీ-5 అనే పద్ధతిలో ఒక్కో సందేశానికి 14 అంకెలు ఉంటాయి, ఒక్కొక్కటి సున్నా గానీ ఒకటి గానీ. మూడో అంకె ఒక ఊగుడు బిళ్ళ. మీరు బటను వదిలి మళ్ళీ నొక్కిన ప్రతిసారీ అది సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకి మారుతుంది. అది మారితేనే ‘ఇది కొత్త నొక్కుడు’ అని బాక్సుకు తెలుస్తుంది. మారకపోతే వేలు ఇంకా బటను మీదే ఉందని అనుకుంటుంది. నేర్చుకునే రిమోటు పట్టినది ఒక్క నొక్కుడును. దాన్నే 5 సార్లు పంపితే ఆ బిళ్ళ 5 సార్లూ ఒకేలా ఉంటుంది. బాక్సు తప్పేమీ లేదు.

మందు తేలికే. అదే బటనును కొత్త రిమోటులోని రెండు వేరు వేరు బటన్లకు నేర్పండి. పాతది ఒకసారి నొక్కి మొదటి దానికి, వదిలి మళ్ళీ నొక్కి రెండో దానికి. ఒకదానిలో సున్నా, ఇంకొకదానిలో ఒకటి పడతాయి. మ్యాక్రోలో ఒకటీ రెండూ, ఒకటీ రెండూ అని మార్చి మార్చి పెట్టండి. ఎన్‌ఈసీ పద్ధతి వాడే బాక్సుల్లో ఈ బిళ్ళ లేదు కాబట్టి ఈ తంటా రాదు.

యంత్రం విప్పి చూసే అలవాటు కోయంబత్తూరుకు కొత్త కాదు. దగ్గర్లోని కలంగల్‌లో 1893లో తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు గారు 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించారు. ఆయన ఊరివాళ్ళకు ఈ ఊగుడు బిళ్ళ ఒక లెక్కా!

మనిషి నొక్కకుండా యంత్రమే విళంబరాన్ని పసిగట్టలేదా? పసిగట్టగలదు, కొంతవరకు. రెండు ప్రకటనల మధ్య తెర క్షణం పాటు నల్లబడి, శబ్దం ఆగితే దాన్ని గుర్తు పెట్టుకోవడం ఒక ఉపాయం. మూలన ఉండే ఛానెల్ ముద్ర మాయమైన చోటు పట్టడం ఇంకొకటి. ప్రకటనల్లో కూడా ముద్ర ఉంచే ఛానెల్ అయితే రెండో ఉపాయం చెల్లదు. అమెరికాలో 2001లో రీప్లే టీవీ అనే పెట్టె తానే దాటించసాగింది. స్టూడియోలు కోర్టుకు వెళ్ళాయి, 2003లో ఆ కంపెనీ దివాలా తీసింది. 2012లో డిష్ కంపెనీ ఆటోహాప్ తెచ్చినప్పుడూ అంతే గొడవ. ఫాక్స్‌తో రాజీ కుదిరింది 2016లో, ప్రసారమైన మొదటి 7 రోజులు ఆటోహాప్ పనిచేయకూడదన్న షరతుతో. ఇంట్లో చూడటానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1984లోనే సోనీ కేసులో తీర్పు ఇచ్చింది. తొమ్మిదిమందిలో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఇంకొకవైపు. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను కూడా సొంత వాడకానికి న్యాయమైన మేరకు వెసులుబాటు ఇస్తుంది. కాపీలు చేసి అమ్మితే అది వేరే సంగతి. ఛానెళ్ళ బాధ కూడా ఉంది, ఆ విళంబరాల డబ్బుతోనే సీరియల్ తయారవుతుంది.

మ్యాక్రోలో 5 పెట్టమన్నాను కదా. ఆ లెక్క ప్రకారం చివరి 30 సెకన్ల విళంబరం మిగులుతుంది. దాన్ని దాటించవద్దని నా సలహా. పాజ్ నొక్కండి. సబ్బు పేరో, కందిపప్పు పేరో, చీరల అంగడి పేరో తెర నిండా తెలుగు అక్షరాల్లో నిలబడుతుంది. మా పిల్లలకు తెలుగు అచ్చు కంటబడే చోటు వీధిలో లేదు, బస్సు మీద లేదు, చాలా బళ్ళలో నల్లబల్ల మీద కూడా లేదు. సీరియల్‌లో మాటలే ఉంటాయి, విళంబరంలో అక్షరాలు ఉంటాయి. అవి పెద్దవి, రంగుల్లో ఉన్నవి, రెండు మూడుకు మించనివి. బొమ్మ ఏ సరుకుదో పిల్లవాడికి ముందే తెలుసు కనుక ‘సబ్బు’లో బకు బ వత్తు ఎందుకు ఉందో చెబితే పట్టుకుంటాడు. తమిళంలో వత్తులు లేవు కాబట్టి మా పిల్లలు తడబడేది అక్కడే. వాళ్ళు ‘సపు’ అని చదివితే నవ్వకండి. రోజుకు రెండు విరామాలు, రెండు పేర్లు. మిగిలిన 5 నిమిషాల్లో సీరియల్‌లో విన్న కొత్త మాట ఏదో అవ్వను అడగనివ్వండి. ఆమె చెప్పే మాట టీవీ మాటకు భిన్నంగా ఉంటుంది. ఆ రెండూ వాడికి కావాలి.

అటక మీద 1990ల నాటి క్యాసెట్లు ఉన్నవాళ్ళకు ఒక మాట. వాటిని కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు దుకాణదారుడు ‘విళంబరాలు కోసేయమంటారా’ అని అడగవచ్చు. వద్దనండి. ఆనాటి తెలుగు విళంబరాలు ఇప్పుడు మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి? టేపు అంచున తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్డుకు అంటుకుని తర్వాతి క్యాసెట్లను కూడా చెడగొడుతుంది. ముందు టేపును శుభ్రం చేయగలవాళ్ళకు చూపించండి.

సెలవు.